ఇంటి సోలార్ బ్యాటరీ: ఒక లెక్కల మాస్టారి అనుభవ పాఠాలు

ముప్పై మూడేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. చక్రవడ్డీ దగ్గర తప్పటడుగు వేసిన పిల్లల చెవులు మెలేసిన నేనే, మా ఇంటి కరెంటు లెక్క దగ్గర బోర్లా పడ్డాను. బెజవాడ సింగ్‌నగర్‌లో మాది రెండంతస్తుల ఇల్లు. 2024 జూన్‌లో డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాను. పీఎం సూర్యఘర్ పథకం కింద 78 వేల సబ్సిడీ ఖాతాలో పడింది. మరుసటి నెల బిల్లు చూసి మురిసిపోయాను. సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది.

నాలుగు రోజులు కరెంటు లేదు. మెట్ల కింద పెట్టిన పాత ఇన్వర్టర్ బ్యాటరీ మొదటి గంటలోనే మునిగిపోయింది. మూడో రోజు ఎండ కాసింది. పైన ప్యానెళ్లు అద్దాల్లా మెరుస్తున్నాయి, ఇంట్లో ఫోను చార్జింగ్‌కు కూడా దిక్కు లేదు. మా ఆవిడకు షుగరు. ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ సీసాలను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను మట్టికుండలో పెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టి కాపాడింది. "ఏమండీ, పైన అంత డబ్బు పోసి పెట్టించారు కదా, ఈ కుండేగా ఆదుకుంది!" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత ఏడాది పాటు బ్యాటరీ గురించి నలుగురినీ అడిగాను, రాసుకున్నాను, కూడాను, కొట్టేశాను. కింద చెప్పే ధరలు 2025 చివర్లో మా ఊళ్లో నాకు చెప్పినవి. మీ ఊళ్లో కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

1. డాబా మీద ప్యానెల్ ఉంటే ఇంట్లో దీపం ఉన్నట్టు కాదు

సబ్సిడీతో మనం పెట్టించుకునేవాటిలో చాలా వరకు ఆన్‌గ్రిడ్ వ్యవస్థలే. వీధి లైనులో కరెంటు ఉన్నంతసేపే ఆ ఇన్వర్టర్ పనిచేస్తుంది. లైను పోయిందంటే క్షణాల్లో అదీ ఆగిపోతుంది. నేను మొదట ఇది మోసమనుకున్నాను. మా ఎలక్ట్రీషియన్ చెప్పాక సిగ్గుపడ్డాను: "మాస్టారూ, లైను చచ్చిపోయిందని లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. అప్పుడు మీ డాబా మీంచి కరెంటు వెనక్కి పోతే అతని గతేమిటి?" కాబట్టి అది లోపం కాదు, ఒకరి ప్రాణానికి కాపలా. కరెంటు పోయినా సోలార్ వాడుకోవాలంటే ఇంటిని లైను నుంచి విడగొట్టే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ రెండూ కావాలి, లేదా సోలార్‌దే విడిగా ఒక చిన్న ఏర్పాటు కావాలి. ఈ సంగతి పెట్టించే ముందే అడగాల్సింది. నేను అడగలేదు.

2. ముందు నోట్‌బుక్ కొనండి, తర్వాత బ్యాటరీ

కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది అని ఏడాది పాటు రాశాను. మొత్తం 110 గంటలు. అందులో చాలా వరకు అరగంట లోపువే. మే నెల గాలివానకు చెట్టుకొమ్మ విరిగి తీగల మీద పడిన రోజున మాత్రం అయిదు గంటలు. కరెంటు పోయినప్పుడు మాకు నిజంగా కావలసింది 300 వాట్లు: ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, వైఫై పెట్టె, ఒక టీవీ. అంటే ఏడాదికి 33 యూనిట్లు. పదేళ్లకు 330. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

3. బ్యాటరీ కంటే ముందు ఫ్యాన్లు మార్చండి

పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తాగుతుంది. ఇప్పటి బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. నాలుగు ఫ్యాన్లు మార్చాను, పన్నెండు వేలైంది. 180 వాట్లు తగ్గాయి. అదే 180 వాట్లను నాలుగు గంటలు మోయాలంటే ఇంకో ట్యూబ్యులర్ (సీసం) బ్యాటరీ కొనాలి, అది పదహారు వేలు. పైగా ఫ్యాన్లు రోజూ బిల్లు తగ్గిస్తాయి, బ్యాటరీ తగ్గించదు. ఏసీ, గీజరు, బోరు మోటారు జోలికి పోకండి. ఒక హార్స్‌పవర్ అంటే 750 వాట్లే అయినా, మోటారు మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. ఆ ఒక్క క్షణం కోసం పెద్ద ఇన్వర్టర్ కొనడం దండగ. కరెంటు ఉన్నప్పుడే ట్యాంకు నింపుకుంటే సరిపోతుంది.

4. ఏహెచ్ అంకె చూసి మురిసిపోకండి

బ్యాటరీ మీద పెద్ద అక్షరాలతో 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అని ఉంటుంది. దాన్ని వోల్టులతో గుణిస్తేనే విషయం తెలుస్తుంది. 12 వోల్టుల బ్యాటరీ అయితే 1,800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు. సీసం బ్యాటరీని ఎప్పుడూ అడుగంటా వాడకూడదు, సగం దగ్గర ఆపితేనే నాలుగైదేళ్లు బతుకుతుంది. ఇన్వర్టర్ తినేది పోగా చేతికి వచ్చేది ముప్పావు యూనిట్. గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచాయన 1859లో కనిపెట్టిన సీసం బ్యాటరీ గుణం నేటికీ అదే.

ఇప్పుడొచ్చే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ దారి వేరు. 51.2 వోల్టులు, 100 ఏహెచ్ అంటే 5 యూనిట్ల పైమాట. అందులో నాలుగున్నర దాకా వాడుకోవచ్చు. నీళ్లు పోసే పని లేదు, పదేళ్లు ఆడుతుంది. వస్తువుగా చూస్తే అదే మేలు. కానీ మంచి వస్తువు వేరు, మన అవసరానికి తగ్గ వస్తువు వేరు.

5. కొటేషన్‌ను అడుగు నుంచి పైకి చదవండి

లిథియం బ్యాటరీ ధర లక్షా పాతిక వేలు అన్నారు. సరే అన్నాను. కాగితం చేతికొచ్చాక పైనుంచి కిందికి కాకుండా కిందినుంచి పైకి చదివాను. చిన్న అక్షరాలన్నీ అక్కడే ఉంటాయి.

బ్యాటరీ: 1,25,000
దాని మీద 18 శాతం జీఎస్టీ: 22,500
పన్నుతో కలిపి హైబ్రిడ్ ఇన్వర్టర్: 60,000
డీసీ కేబుల్, ఎంసీబీ బోర్డు, ఎర్తింగ్: 14,000
ఎమర్జెన్సీ లైనుకు ఇంట్లో విడిగా వైరింగ్: 9,000
రవాణా, కూలి: 4,500

మొత్తం 2,35,000. లక్షా పాతికతో మొదలైన మాట దాదాపు రెట్టింపు దగ్గర ఆగింది. ఏడాదిన్నర కిందట కొన్న ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్‌ను తీసి పక్కన పెట్టాలన్నది ఇందులో చేరని నష్టం.

ఇక్కడ రెండు సంగతులు. సూర్యఘర్ సబ్సిడీ ప్యానెళ్ల కిలోవాట్లను బట్టి ఇస్తారు: మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు. బ్యాటరీ పెట్టినంత మాత్రాన అదనంగా ఏమీ రాదు. "సార్, బ్యాటరీకీ సబ్సిడీ వస్తుంది" అని ఎవరైనా అంటే కాగితం మీద రాసిమ్మనండి. రెండోది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, సీసం బ్యాటరీల మీద 28 నుంచి 18కి తగ్గింది. లిథియం మీద ముందూ 18, ఇప్పుడూ 18. "పన్నులు అదనం" అని రాసి ఉన్న కొటేషన్‌ను మరో కొటేషన్‌తో పోల్చి చూడకండి, మోసపోతారు.

6. అమెరికా లెక్క బెజవాడకు అతకదు

మావాడు కాలిఫోర్నియాలో ఉంటాడు. "నాన్నా, ఇక్కడ అందరూ బ్యాటరీ పెట్టిస్తున్నారు, మనమూ పెద్దదే పెట్టిద్దాం, డబ్బు నేను పంపిస్తాను" అన్నాడు. వాడి మాట వాడి ఊళ్లో నిజం. అక్కడ 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా సోలార్ పెట్టించేవాళ్లు గ్రిడ్‌కు అమ్మే కరెంటుకు ఇచ్చే ధర బాగా కోసేశారు. పగలు పండిన కరెంటును చవగ్గా అమ్మేసి, రాత్రి ఖరీదుగా కొనుక్కోవడం కంటే ఇంట్లోనే దాచుకోవడం వాళ్లకు లాభం.

మన దగ్గర నెట్ మీటర్ ఉంది. పగలు మా డాబా ఇచ్చిన యూనిట్లను రాత్రి మేం వాడినవాటికి సరిపెడతారు. అంటే గ్రిడ్డే మన బ్యాటరీ. దానికి నీళ్లు పోయనక్కర్లేదు, అయిదేళ్లకోసారి మార్చనక్కర్లేదు. రేపు ఈ పద్ధతి మారితే లెక్కా మారుతుంది. అప్పుడు మళ్లీ పలక పట్టుకుందాం. "నీ డబ్బు పంపకు నాన్నా, సంక్రాంతికి నువ్వు రా చాలు" అన్నాను.

7. ఒక్క యూనిట్ ఎంత పడిందో చూసుకోండి

ఇప్పుడు ఆ 330 దగ్గరికి వద్దాం. 2,35,000ను 330తో భాగించండి. కరెంటు పోయినప్పుడు లిథియం బ్యాటరీ ఇచ్చే ఒక్కో యూనిట్ మాకు 712 రూపాయలు.

"అలా ఎందుకు మాస్టారూ, రోజూ రాత్రి వాడుకోండి" అన్నాడు అమ్మకానికి వచ్చిన కుర్రాడు. సరే, అదీ చూద్దాం. రోజుకు నాలుగున్నర యూనిట్ల చొప్పున పదేళ్లు ఒక్కరోజు కూడా మానకుండా వాడితే 16,425 యూనిట్లు. ఒక్కోటి 14 రూపాయల పైచిలుకు. మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకు నెలకు 400 యూనిట్లు దాటినవాళ్లు కట్టే పైస్లాబే 9.75. అన్నిటికంటే ఖరీదైన కరెంటు కూడా బ్యాటరీ కరెంటు కంటే చవకే. నెట్ మీటర్ ఉన్న పట్నపు ఇంట్లో బ్యాటరీ తన ఖర్చు తాను రాబట్టుకుంటుందంటే నమ్మకండి. కుర్రాడు మంచివాడు, మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

రోజూ మూడు నాలుగు గంటలు కరెంటు పోయే ఊళ్లకు, కంప్యూటర్ల మీద బతికే షాపులకు, చిన్న ఆస్పత్రులకు ఈ లెక్క వేరుగా తేలుతుంది. వాళ్లకు లిథియమే సరి.

8. బ్యాటరీని బీమా అనుకోండి

మరి కొనడం మానేశానా? లేదు. ఆ మట్టికుండ నన్ను నిద్రపోనివ్వలేదు. బీమా కట్టేటప్పుడు లాభం చూడం కదా. కాకపోతే బీమా ఎంతకు చేయాలో తెలియాలి.

పైన ఉన్న 3 కిలోవాట్లను ముట్టుకోలేదు. విడిగా 24 వోల్టుల చిన్న సోలార్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబ్యులర్లు రెండు, 335 వాట్ల ప్యానెల్ ఒకటి పెట్టించాను. ఇన్వర్టర్ 9 వేలు, బ్యాటరీలు 32, ప్యానెల్ 10, స్టాండూ వైరింగూ 9. అన్నీ కలిపి అరవై వేలు. దీన్ని వీధి లైనులోకి కలపలేదు, అది ముఖ్యం. రాత్రి కరెంటు పోతే అయిదు గంటలు లాగుతుంది. మళ్లీ వరదొచ్చి నాలుగు రోజులు పోయినా, ఎండ కాస్తే ఆ ఒక్క ప్యానెల్ రోజుకు యూనిట్ పైన ఇస్తుంది. పగలు ఫ్రిజ్ నడిపి, రాత్రి దాని తలుపు తెరవకుండా ఉంటే ఇన్సులిన్‌కు ఢోకా లేదు.

అయిదేళ్లకు బ్యాటరీలు మార్చే 32 వేలు కలిపినా పదేళ్లకు 92 వేలు. యూనిట్‌కు 279 రూపాయలు. ఖరీదే. కానీ ఎందుకు కడుతున్నానో తెలిసి కడుతున్నాను.

9. ఎత్తున, నీడన, గాలి ఆడేచోట

ఈసారి బ్యాటరీలు మెట్ల కింద కాదు, మొదటి అంతస్తు వరండాలో గోడ నీడన ఉన్నాయి. డాబా మీద రేకుల గదిలో పెడదామన్నారు, వద్దన్నాను. సీసం బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకు దాదాపు సగమవుతుంది. బెజవాడ మే నెలలో రేకుల కింద పెట్టడమంటే దాన్ని పెనం మీద పెట్టడమే. చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి పడకగదిలోనూ, దీపం వెలిగే పూజగదిలోనూ వద్దు.

రెండు మూడు నెలలకోసారి మూతల మీద తేలే గుర్తులు చూడండి. అవి దిగితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు పనికిరావు. ఆ పని చేసేటప్పుడు మంచి బట్టలు కట్టుకోకండి. నా పొందూరు పంచెకు పడిన మూడు చిల్లులు యాసిడ్ చుక్కలవే.

10. వారంటీ అంకెను విడదీసి చదవండి

60 నెలల వారంటీ అంటారు. కార్డు తిప్పి చూస్తే 36 కూడిక 24 అని ఉంటుంది. మొదటి 36 నెలల్లో పాడైతే ఉచితంగా మారుస్తారు. మిగతా 24 నెలల్లో కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు, అంతే. అమ్మిన తేదీతో షాపు ముద్ర వేయించుకుని కార్డు ఫొటో తీసి ఉంచుకోండి. మా పాత కార్డు బ్యాటరీ పక్కనే ఉండేది. రెండూ కలిసే మునిగాయి.

చివరిగా ఒక మాట. బ్యాటరీ కొనమనీ చెప్పను, వద్దనీ చెప్పను. కొటేషన్ అడగక ముందు ఒక నోట్‌బుక్ కొని కనీసం మూడు నెలలు, వీలైతే ఒక వేసవి, ఒక వానాకాలం కరెంటు పోయిన గంటలు రాయండి. ఆ పేజీ చేతిలో ఉంటే ఎంత పెద్ద బ్యాటరీ కావాలో మీరే అమ్మేవాడికి చెబుతారు. లేకపోతే వాడే మీకు చెబుతాడు.