అయిదంగుళాలంటే అరడుగు కాదు

టేకుమట్లలో ఇందిరమ్మ ఇల్లు కట్టుకునేవాళ్లకు సర్కారు ఇచ్చేది 5 లక్షలు, అదీ పని సాగినకొద్దీ విడతలుగా. అందులో ఇల్లు పూర్తి కావాలంటే మెటీరియల్ లెక్క తప్పకూడదు. సూపర్‌వైజర్‌గానో, మేస్త్రీ దగ్గర లెక్కలు రాయడానికో చేరిన మీకు ఆ లెక్క బడిలోనే చెప్పారు: పొడవు, వెడల్పు, ఎత్తు గుణిస్తే ఘనపరిమాణం. సూత్రం అందరికీ వచ్చు. తప్పు జరిగేది కొలతల దగ్గర.

400 చదరపు అడుగుల స్లాబ్, మందం 5 అంగుళాలు అనుకోండి. హడావుడిలో 5 అంగుళాలను 0.5 అడుగు అని కొట్టేస్తాం. 200 సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు) వస్తుంది. అడుగుకు 12 అంగుళాలు కాబట్టి 5ను 12తో భాగించాలి. అప్పుడు వచ్చేది 167. ఒక ఘనపు మీటరు, అంటే 35.3 సీఎఫ్‌టీ కాంక్రీటుకు పొడి సరుకు 1.54 రెట్లు కావాలి, ఎందుకంటే కంకర సందుల్లోకి ఇసుక, సిమెంటు దిగిపోతాయి. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో ఘనపు మీటరుకు 8 బస్తాల సిమెంటు పడుతుంది. ఈ స్లాబ్‌కు 38 బస్తాలు, 70 సీఎఫ్‌టీ ఇసుక, 140 కంకర. తప్పు లెక్కతో పోతే 45 బస్తాలు తెప్పిస్తారు. మిగిలిన ఏడూ వానాకాలం చెమ్మకు గడ్డ కడతాయి.

ఇలాంటి స్లాబ్‌కే ఇసుక దగ్గర నేనే దెబ్బతిన్నాను. ట్రాలీ లోపల 10 అడుగులు పొడవు, 6 వెడల్పు, ఒకటిన్నర లోతు. 90 సీఎఫ్‌టీ వచ్చింది, 20 మిగులుతుందని గోడ పనికి వాడేశాను. ఏటి నుంచి వచ్చిన తడి ఇసుక అది. చెమ్మతో నాలుగో వంతు దాకా పొంగి ఉంటుంది. అసలు సరుకు 72 మాత్రమే. మధ్యాహ్నానికి మిల్లర్ ఆగింది. సగంలో ఆపిన చోట జాయింట్ పడింది, ఆ తర్వాత వానకు కారిందీ అక్కడే.

అందుకే బకెట్‌లో 20 సెంటీమీటర్ల ఎత్తు ఇసుక వదులుగా పోసి కొలవండి. దాన్ని తీసి, సగం బకెట్ నీళ్లలో మళ్లీ పోసి కలపండి. 16కు దిగితే పొంగు 25 శాతం.

ఇటుకల్లో పాఠ్యపుస్తకం లెక్కను సైటుకు తేకండి. గోడలో మాలు పదో వంతు అని లెక్కలో ఇస్తారు, పరీక్షకు అది సరే. 19×9×9 సెంటీమీటర్ల ఇటుక ఘనపు మీటరుకు 650 పడుతుంది, పదో వంతు తీస్తే 585. నిజానికి సెంటీమీటరు మాలుతో కడితే ఇటుక 20×10×10 జాగా తీసుకుంటుంది, పట్టేది 500. విరిగేవాటికి అయిదు శాతం కలపండి, చాలు. మన బట్టీల ఇటుక సైజు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి పది ఇటుకలు వరుసగా పేర్చి కొలిచాకే ఆర్డర్ చెప్పండి.

ట్రాలీని బయటి నుంచి కాదు, లోపలి నుంచి కొలవండి. అన్‌లోడ్ కాకముందే డ్రైవర్ ఎదుట కొలత రాసి, ఇంటి యజమాని చేత సంతకం పెట్టించండి.