పడవను నిర్మించిన పాఠశాల

గ్రేట్ బ్రిటన్ ద్వీపమునకు పశ్చిమభాగమున వేల్సు అను దేశము కలదు. దాని దక్షిణతీరమునందు, బ్రిస్టల్ చానెల్ అను సముద్రపుపాయ కెదురుగా, సెయింట్ డోనట్స్ అను మధ్యయుగపు కోట యొకటి నిలిచియున్నది. పూర్వము ఆ కోట ప్రభువంశీయులకు నివాసమై యుండెను. నేడు దాని గోడలనడుమ అనేకదేశముల బాలబాలికలు విద్య నభ్యసించుచున్నారు. ఆ విద్యాలయమునకు అట్లాంటిక్ కళాశాల యని పేరు. పదునారు మొదలు పందొమ్మిది ఏండ్లవరకు వయసుగల విద్యార్థులు అచ్చట రెండేండ్లు నివసించి చదువుకొందురు.

ఆ తీరము చూచుటకు మనోహరము, మెలగుటకు ప్రమాదకరము. ప్రపంచమున మిక్కిలి యెత్తుగా పోటువచ్చు సముద్రభాగములలో బ్రిస్టల్ చానెల్ ఒకటి. దాని పైభాగమున పోటు మిక్కుటమగు దినములలో, ఆటునకును పోటునకును నడుమ నీటిమట్టము 12 మీటర్లకు మించి మారును. నీరు తీసినప్పుడు కొండచరియల క్రింద విహరింపబోయినవారు, అది తిరిగివచ్చు వేళను గుర్తింపనిచో, వెనుక నిట్టనిలువు కొండయు ముందు సముద్రమునై నడుమ చిక్కుకొందురు. కళాశాలను స్థాపించినవారు ఈ యపాయమును చూచి వెనుదీయలేదు. దానినే ఒక పాఠముగా స్వీకరించిరి. ఆ వృత్తాంతము తెలియవలెనన్న, అట్టి విద్యాలయమును భావించిన మహనీయుని చరిత్రము కొంత తెలిసికొనవలెను.

ఆయన పేరు కుర్ట్ హాన్. ఆయన 1886వ సంవత్సరమున బెర్లిను నగరమందు ఒక యూదుల కుటుంబమున జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము, 1920లో, బాడెన్ రాకుమారుడైన మాక్స్ ప్రభువు సాయమున జర్మనీలోని సేలెం అను తావున ఒక పాఠశాలను నెలకొల్పెను. 1932లో నాజీపక్షమువారు కొందరు ఒక కార్మికుని అతని తల్లి యెదుటనే క్రూరముగా వధించిరి. హిట్లరు ఆ హంతకులను బహిరంగముగా సమర్థించెను. అప్పుడు హాన్ తన పూర్వవిద్యార్థులందరకు లేఖ వ్రాసి, సేలెం పాఠశాలయో హిట్లరో, రెండింటిలో నొకదానిని ఎన్నుకొనుడని కోరెను. అట్లు కోరుట ఆ దినములలో ప్రాణములతో చెలగాటమే. 1933లో ఆయన బంధింపబడెను. బ్రిటిషు ప్రధానమంత్రి రామ్సే మాక్డొనాల్డు కల్పించుకొనుటచే విడుదలపొంది, ఆ యేడే స్వదేశమును వీడి బ్రిటనునకు చేరెను.

మరుసటి సంవత్సరము హాన్ స్కాట్లండులో గోర్డన్‌స్టన్ అను పాఠశాలను స్థాపించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941లో, వేల్సులోని అబర్డవీ యను తీరగ్రామమున యువనావికులకు శిక్షణ నొసగు పాఠశాలను ప్రారంభించుటలో పాల్గొనెను. శత్రువుల దెబ్బకు ఓడలు మునిగినప్పుడు, వయసుమీరిన నావికులు ప్రాణములు నిలుపుకొనగా, దేహబలముగల యువకులు ధైర్యముచెడి ముందుగా మరణించుచుండిరట. కావున దేహబలమొక్కటియే చాలదనియు, ఆపదలో నిబ్బరము నేర్పు శిక్షణ కావలెననియు పెద్దలు గ్రహించిరి.

నేటి యువజనులలో శరీరపటుత్వము, చొరవ, జ్ఞాపకశక్తియు భావనాశక్తియు, పనితనము, ఆత్మనిగ్రహము, కరుణ అను ఆరును క్షీణించుచున్నవని హాన్ తలచెడివాడు. ఆ యారింటిలోను కరుణ క్షీణించుటయే మిక్కిలి కీడని ఆయన నిశ్చయము. కరుణ యుపన్యాసములవలన పెంపొందదు. పొరుగువాని యాపదలో తోడ్పడినప్పుడే అది హృదయమున నాటుకొనును. తోడ్పడవలెనన్న నేర్పు కావలెను. నేర్పునకు నిత్యాభ్యాసము కావలెను. ఆయన విద్యావిధానమంతయు ఈ మూడుమెట్లపై నిలిచినది.

1955లో హాన్ పారిసు నగరమందలి నాటో రక్షణకళాశాలను సందర్శించెను. పదేండ్లకు పూర్వము ఒకరినొకరు చంపుకొనిన దేశముల సైన్యాధికారులు అచ్చట ఒక్కచో కూర్చుండి చదువుకొనుచుండిరి. ఆ దృశ్యము ఆయన మనస్సును కదలించెను. పగ మనస్సున బిగియకముందే నానాదేశముల యువకులను ఒక్కచో చేర్చినచో నెంత మేలు కలుగునో యని ఆయన యోచించెను. ఆంటొనిన్ బెస్ అను దాత సెయింట్ డోనట్స్ కోటను కొని యొసగెను. 1962 సెప్టెంబరులో కళాశాల తెరువబడెను. నౌకాదళమున ఉన్నతాధికారిగా పనిచేసిన డెస్మండ్ హోర్ దానికి మొదటి ప్రధానోపాధ్యాయుడయ్యెను. తొలుత బాలురకు మాత్రమే ప్రవేశముండెను. 1967నుండి బాలికలను కూడ చేర్చుకొనిరి.

ఇక తరగతిగదిలోని చదువునుగూర్చి తెలిసికొందము. దేశమున కొక పరీక్ష యున్నచో నానాదేశముల పిల్లలను కలిపి చదివించుట దుర్లభము. ఒక దేశపు పట్టా వేరొక దేశపు విశ్వవిద్యాలయమున చెల్లదు. ఈ చిక్కును తీర్చుటకై 1968లో జెనీవా నగరమున ఇంటర్నేషనల్ బకలారియెట్ అను సంస్థ యేర్పడెను. అట్లాంటిక్ కళాశాల తన పూర్వపు పరీక్షలను విడిచి, 1971లో ఈ క్రొత్తవిధానమునే పూర్తిగా స్వీకరించెను. అది యప్పటికి సాహసకార్యము.

ఈ విధానమున ప్రతివిద్యార్థియు ఆరు విషయములు చదువవలెను. వానిలో మొదటిది సాధారణముగా తన మాతృభాషాసాహిత్యము. తన భాషను బోధించు గురువు కళాశాలలో లేకున్నను, విద్యార్థి స్వయంకృషితో దానిని చదువుకొనుటకు వీలున్నది. పరదేశమునకు పోయినవాడు తల్లినుడిని మరవరాదను నీతి ఇందు ఇమిడియున్నది. రెండవది మరియొక భాష. చరిత్రము, అర్థశాస్త్రము మున్నగునవి యొక తెగ, ప్రకృతిశాస్త్రములొక తెగ, గణితము వేరొకటి, ఆరవది కళలలో నొకటి గాని, విద్యార్థి కోరిన మరియొక శాస్త్రము గాని కావచ్చును. ఇవిగాక, మనకు తెలిసినదని యనుకొనునది ఎట్లు తెలిసినదో విచారించు పాఠ మొకటి కలదు. తానెన్నుకొనిన విషయముపై పరిశోధించి 4,000 మాటలకు మించని వ్యాసమును వ్రాయవలెను. వీనికి తోడుగా సృజన, వ్యాయామము, సేవ అను మూడును ఆచరణమున చూపినగాని పట్టా లభింపదు.

సేవ యన నెట్టిది? అట్లాంటిక్ కళాశాలలో అది వట్టిమాటగా నుండలేదు. విద్యార్థులు కొందరు తీరరక్షణదళమున చేరిరి. కొందరు కొండచరియలలో చిక్కినవారిని త్రాళ్లతో పైకితీయుట నేర్చిరి. మరికొందరు ఇరుగుపొరుగు గ్రామములందలి వృద్ధులకును వికలాంగులకును తోడ్పడిరి. బ్రిటనులో ప్రజల విరాళములతో నడచు రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ అను సంస్థ కలదు. 1824లో స్థాపింపబడిన ఆ సంస్థ 1963లో కళాశాలయందే యొక రక్షణకేంద్రమును నెలకొల్పెను. పిలుపు వచ్చినంతనే విద్యార్థులు పుస్తకములు మూసి, పడవ నీటిలోనికి దించుచుండిరి.

అప్పుడొక చిక్కు ఎదురయ్యెను. ఆ దినములలో తీరసమీపరక్షణకు గాలినింపిన రబ్బరుపడవలు వాడుచుండిరి. అవి తేలికయైనవి, సులభముగా మునుగవు, నీట కొట్టుకొనుచున్నవానికి చేరువైనప్పుడు దెబ్బ తగులనీయవు. కాని వాని యడుగుభాగము వస్త్రమయము. గులకరాళ్ల తీరమున మాటిమాటికి ఈడ్చుటచే అది అరిగి చిరుగుచుండెను. పెద్ద కెరటములలో పడవ మెలికలు తిరిగి వేగము కోల్పోవుచుండెను. కఱ్ఱపడవ యైనచో గట్టిగానే యుండును గాని, నీటిలోని మనుష్యునికి దానివలననే గాయము కలుగవచ్చును. ఒకదాని గుణము వేరొకదానికి లేదు.

రెండింటి గుణములను ఒక్కదానియందే కూర్పరాదా యని హోర్ తలచెను. ఆయనయు విద్యార్థులును కళాశాలలోని కర్మశాలలో పనికి పూనుకొనిరి. అడుగున పలకచెక్కతో గట్టి పడవయొడలు నిర్మించి, దానిచుట్టును గాలిగొట్టము నమర్చిరి. వినుటకిది సులభము. చేయుటలో కష్టము తెలిసినది. చెక్కయు గొట్టమును కలియుచోటు అలల తాకిడికి నిలువవలెను. పడవముక్కు అలలో దిగబడక పైకి లేవవలెను. యంత్రపు బరువునకు వెనుకభాగము కుంగరాదు. ఒక నమూనాను నిర్మించుట, సముద్రమున పరీక్షించుట, లోపమును గుర్తించుట, మరల నిర్మించుట: ఈ క్రమము ఏండ్లతరబడి సాగినది. తరగతిలో నేర్చిన బలములు, భారములు, తేలుడు మొదలగు సూత్రములకు అచ్చట సముద్రమే పరీక్షాధికారి. అది సిఫారసులను వినదు. దయతో మార్కులు వేయదు.

1969లో విద్యార్థులు నిర్మించిన పడవ యొకటి, బ్రిటను చుట్టును జరిగిన యంత్రపుపడవల పందెమున పాల్గొని గమ్యమును చేరెను. రక్షణసంస్థవారు ఈ నిర్మాణమును స్వీకరించి మెరుగుపరచి, 1972లో నూతనరక్షణపడవను వాడుకలోనికి తెచ్చిరి. దానికి కళాశాల జ్ఞాపకార్థము అట్లాంటిక్ అను పేరే పెట్టిరి. హోర్ తలచినచో ఆ నిర్మాణహక్కులవలన గొప్పధనమును గడింపగలిగి యుండెను. ఆయన యట్లు చేయక, 1973లో ఆ హక్కులను నామమాత్రముగా ఒక్క పౌనునకు ఆ సంస్థకు ధారపోసెను. నేడీ తెగకు చెందిన పడవలను అనేకదేశముల రక్షణదళములును నౌకాదళములును వాడుచున్నవి.

అదే 1969లో మరియొక విశేషము జరిగినది. నార్వే దేశమునుండి వచ్చిన పదునెనిమిదేండ్ల విద్యార్థిని యొకతె తీరరక్షణపడవకు నాయకత్వము వహించు అర్హతను సంపాదించెను. ఆ సంస్థ చరిత్రలో అట్టి అర్హతను పొందిన తొలి స్త్రీ ఆమెయే. బాలికలు కళాశాలలో చేరిన రెండేండ్లకే యిది సాధ్యమైనది. అవకాశ మిచ్చినచో సామర్థ్యము తానే వెలువడునని ఇందువలన తెలియుచున్నది.

ఇట్టి కార్యములలో కాలము గడిపినచో చదువు చెడదా యని సందేహించువారు గలరు. ఆ సందేహము అకారణమైనది కాదు. దినమున గంటలు పరిమితములు. సముద్రమున గడపిన గంట పుస్తకమున గడపజాలము. సేవ పేరిట తిరుగుచు పాఠములను మానుకొనువాడు రెంటికిని చెడును. కాని పడవకథను నిదానించి చూడుడు. గణితమును ప్రకృతిశాస్త్రమును చక్కగా చదువనిచో ఆ పడవ పుట్టియుండదు. తీరమున సేవ చేయనిచో అట్టి పడవ యవసరమను నూహయే వారికి పుట్టియుండదు. చదువు సేవకు నేర్పు నిచ్చినది. సేవ చదువునకు ప్రశ్న నిచ్చినది. రెండును ఒకే పనిలో కలియునట్లు కాలమును అమర్చుకొనుట యందే గురువుల నేర్పున్నది.

కావుననే ఇంటర్నేషనల్ బకలారియెట్ విధానమున విద్యార్థులు చేపట్టు సామూహికకార్యమునకు ఒక క్రమమును విధించిరి. మొదట అవసరమును విచారింపవలెను; పిదప సిద్ధపడవలెను; అటుపిమ్మట ఆచరింపవలెను; ఆచరించిన దానినిగూర్చి ఆలోచింపవలెను; తుదకు తెలిసికొనినదానిని ఇతరులకు తెలుపవలెను. పని కనీస మొక నెల సాగవలెను. ఒక్కనాడు గుమిగూడి వీధి యూడ్చి, ఇండ్లకు పోవుట దీనికి సరిపోదు. ఎవరికొరకు పనిచేయుచున్నారో వారిని ముందుగా అడిగి తెలిసికొనుట ప్రధానము. అడుగక చేసిన యుపకారము పెక్కుసారులు భారమే యగును.

2013లో, అర్ధశతాబ్దము గడచిన పిదప, కళాశాలలోని రక్షణకేంద్రము మూతవడెను. ఐనను కళాశాలలో చదువును సేవయు కలసియే సాగుచున్నవి. ఆ తెగ విద్యాలయములు యునైటెడ్ వరల్డ్ కాలేజెస్ అను పేర ఇతరదేశములకు వ్యాపించినవి. 1997లో మన దేశమున, మహారాష్ట్రములోని పూనాకు సమీపమున అట్టి విద్యాలయ మొకటి వెలసినది. ఇరుగుపొరుగు గ్రామములలో సేవచేయుట అచ్చటి విద్యార్థుల చదువులో భాగమై యున్నది. అట్టిచోట చదువుట వ్యయముతో కూడినపని యగుటచే, పేదవిద్యార్థులకు వేతనముల నిచ్చి చేర్చుకొను ఏర్పాటును గలదు.

కోటయు సముద్రమును అన్ని పాఠశాలలకు నుండవు. కాని ప్రతి పాఠశాలకును పొరుగు కలదు. ఆ పొరుగున చెడిన బావియో, చదువురాని వృద్ధుడో, వానకు నీట మునుగు బాటయో ఉండకపోదు. దానిని కన్నులార చూచి, కారణమును విచారించి, తాను చదివిన శాస్త్రము దానికెట్లు పనికివచ్చునో యని యోచించు విద్యార్థి, సెయింట్ డోనట్స్ కర్మశాలలో చెక్కకును గాలిగొట్టమునకును పొత్తు కుదిర్చిన బాలుర తరగతిలోనే కూర్చున్నవాడగును.