తాళం లేని డబ్బా

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు నమ్ముకుని మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి రాయచూరు జిల్లా సిరవార దగ్గరి క్యాంపుకి వచ్చారు. మా కల్యాణ మండపం కమిటీలో నేను పదిహేనేళ్ళు ఉన్నాను. మండపంలో గుండెకి షాక్ ఇచ్చే మిషన్ ఉంది, ఏఈడీ అంటారు. దాని దగ్గర నేను నేర్చుకున్నవి కమిటీలోకి కొత్తగా వచ్చిన మీకోసం రాస్తున్నాను.

1. తాళం వెయ్యకండి. ఖరీదైన వస్తువని మేం బీరువాలో పెట్టాం. ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర ఒకాయన విస్తరి మీదకి ఒరిగిపోయారు. గురక వస్తోంది. ఫిట్స్ అనుకుని ఎవరో ఆయన చేతిలో తాళాల గుత్తి పెట్టారు. బీరువా తాళం అందులో లేదు. అది ఉన్న కుర్రాడు పాలకని ఊళ్ళోకి వెళ్ళాడు. అతను వచ్చేసరికి పన్నెండు నిమిషాలు దాటింది. మిషన్ అంటిస్తే షాక్ అక్కర్లేదంది. విస్తట్లో బూరె సగం కొరికి ఉంది. అది నాకిప్పటికీ కళ్ళముందే ఉంది.

ఆ గురక ఊపిరి కాదని తర్వాత డాక్టరుగారు చెప్పారు. ఇలా ఉన్నట్టుండి పడిపోయిన చాలామందిలో గుండె మొదట కొట్టుకోవడం మానేసి గిలగిల వణుకుతుందట. షాక్ ఆ వణుకుని ఆపడానికే. ఏమీ చెయ్యకుండా నిలబడితే నిమిషానికి నూటికి 7 నుంచి 10 వంతుల ఆశ పోతుంది. వణుకు కూడా ఆగిపోయాక మిషన్ చేసేదేమీ లేదు. అందుకని పిలిస్తే పలక్క, ఊపిరి సరిగా లేకపోతే రొమ్ము మధ్యన రెండంగుళాల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండాలి. ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి, ఇంకొకరు మిషన్ ఉన్న డబ్బాకి పరుగెత్తాలి.

2. చోటు పరుగెత్తి చూసి ఎంచండి. వంటశాల చివరి నుంచి వెళ్ళి తిరిగి రావడానికి మూడు నిమిషాలు మించకూడదు. చికాగో విమానాశ్రయాల్లో 1999 నుంచి ఈ మిషన్లని అందరికీ కనబడేలా అద్దాల డబ్బాల్లో పెట్టారు. మొదటి రెండేళ్ళలో గుండె వణికి పడిపోయిన 18 మందిలో 11 మంది బతికారు.

3. రేకుల షెడ్డు వద్దు. మా మిషన్ 50 డిగ్రీల దాకానే ఓర్చుకుంటుంది. రాయచూరు ఎండల్లో రేకుల కింద సంగతి మీకు తెలిసిందే.

4. ప్యాడ్లకి డబ్బు పక్కన పెట్టండి. మిషన్ కొనడానికి దాత దొరికారు, పలక మీద పేరు కూడా చెక్కించాం. రెండేళ్ళకి ప్యాడ్ల మీది జిగురు ఎండిపోతుందని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. బ్యాటరీకి నాలుగేళ్ళు. ఉగాది లెక్కల్లో ఈ రెండు తేదీలూ చదివాకే మిగతా పద్దులు చదవాలి.

5. ఆడవాళ్ళు పడిపోతే జనం వెనక్కి తగ్గుతారు. ప్యాడ్లు ఒంటికే అంటాలి: ఒకటి కుడి మెడ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద. రవిక కత్తిరించక తప్పదు. నలుగురు ఆడవాళ్ళు దుప్పటి అడ్డం పడితే చాలు. డబ్బాలో కత్తెర, చెమట తుడవడానికి తువ్వాలు, రేజరు, దుప్పటి పెట్టాం. మిషన్ ఇంగ్లీషులో మాట్లాడుతుంది కాబట్టి మూత మీద కన్నడంలో, తెలుగులో రాయించాం. కరెంటు పోతే ఎలా అని అందరూ అడుగుతారు. దానికి కరెంటుతో పనిలేదు.

6. సర్కారు ఇస్తుందిలే అని కూర్చోకండి. 2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే గుండె ఆగి పోయినప్పుడు మా క్యాంపులోనూ ఏడ్చారు. ఆయన పేరున తాలూకా ఆసుపత్రుల్లో ఈ మిషన్లు పెడతామని 2023 రాష్ట్ర బడ్జెట్లో చెప్పారు. మంచి పని. కానీ మండపంలో పడ్డ మనిషికి మిషన్ మండపంలోనే ఉండాలి.

7. రోజూ చూసే మనిషి ఒకరుండాలి. మండపం ఊడ్చే ఆమె పొద్దున్నే చీపురు గోడకి ఆనించి, ఆకుపచ్చ లైటు చూసి, క్యాలెండర్ మీద గీత పెడుతుంది. చదువు రాదు. నిరుడు శ్రావణంలో లైటు ఎర్రగా ఉందని నాకు ఫోన్ చేసింది ఆమే. కొత్త బ్యాటరీ వేశాక ముందు ఆమెనే పిలిచి చూపించాను.