పోయిన పాల లెక్కలను తిరిగి నిలబెట్టుట
(సంఘ కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు పాఠం)

పాలు తెల్లవారి వస్తాయి, కాసేపటికి వ్యాన్ ఎక్కిపోతాయి. సంఘంలో మిగిలేది లెక్క ఒక్కటే. సభ్యురాలు పోసిన నాలుగు లీటర్లకు, అందులోని వెన్న శాతానికి ఆ లెక్కే సాక్ష్యం. నేడు అనేక సంఘాలలో ఈ లెక్క కంప్యూటరులో ఉంటున్నది. సభ్యుల పేర్లు, లీటర్లు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., దాణా బాకీలు అన్నీ ఒకచోట చేరిన ఆ ఖాతానే డేటాబేస్ అంటారు. పిడుగుపాటు వల్లనో, వైరస్ వల్లనో, పొరపాటున చెరిపివేయుట వల్లనో అందులోని ముఖ్యమైన ఫైళ్లు పోయిన యెడల ఏమి చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

తార్నాకలో రెండు ఉదాహరణలు

లాలాపేట విజయ భవన్‌కు పనిమీద వచ్చే కార్యదర్శులకు తార్నాక కొత్త కాదు. అక్కడి రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ కాగితాలు భద్రంగా ఉన్నాయి. వాటిలో సైనికుల ఆనవాళ్లు, వారి గుర్రాల గుర్తులు రాసిన పట్టీలు అనేకం. మనిషిని, గుర్రాన్ని సరిచూసి జీతం ఇచ్చేందుకు ఆ పట్టీలే ఆధారం. మన పాల బిల్లుకు రిజిష్టరు ఎటువంటిదో ఆనాటి సిపాయికి అవి అటువంటివి.

పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మారిఫ్ సంస్థ ఉంది. పాత అరబ్బీ గ్రంథాల రాతప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి సరిపోల్చి అచ్చువేయుట దాని పని. 11వ శతాబ్దపు అల్ బిరూనీ ఖగోళ గ్రంథం ‘అల్ ఖానూన్ అల్ మసూదీ’ని ఈ సంస్థ 1954-56 మధ్య మూడు సంపుటాలుగా వెలువరించింది. ఒక ప్రతిలో చెదిరిన పంక్తి మరొక ప్రతిలో దొరుకుతుంది. సంఘం లెక్కకూ ఇదే సూత్రం. బ్యాకప్ ఒక ప్రతి. సభ్యుల పాస్‌పుస్తకాలు, చీటీలు, ట్రక్ షీట్లు మిగిలిన ప్రతులు.

బ్యాకప్ ఉంటే చాలునా?

గిట్‌ల్యాబ్ అనే కంప్యూటర్ కంపెనీలో 2017 జనవరి 31న ఒక ఉద్యోగి పొరపాటున నడుస్తున్న డేటాబేస్‌నే చెరిపివేశాడు. బ్యాకప్ ఏర్పాట్లు పలు రకాలుగా ఉన్నా, అవసరానికి అక్కరకు రాలేదు. రోజూ తీయవలసిన ప్రతి తయారు కావడం లేదన్న సంగతి అప్పటిదాకా ఎవరి దృష్టికీ రాలేదు. అదృష్టవశాత్తు సుమారు ఆరు గంటల ముందు చేతితో తీసిన ప్రతి ఒకటి ఉండగా, దానితో పని సాగించారు. ఆ ఆరు గంటల నమోదులు మాత్రం పోయాయి. మన సంఘంలో ఆరు గంటలంటే ఒక పూట పాలు, అంటే ఊరందరి డబ్బు.

తిరిగి నిలబెట్టే క్రమం

ఉదాహరణకు 10వ తేదీ రాత్రి బ్యాకప్ తీశారు. 14వ తేదీ ఉదయం పాలు పోయించుకున్న తరువాత ఫైళ్లు పోయాయి. అంటే 11, 12, 13 తేదీల ఆరు పూటలు, 14 ఉదయం ఒక పూట, మొత్తం ఏడు పూటల లెక్క లేదు.

1. వెంటనే ఆ కంప్యూటరు వాడకం ఆపాలి. చెరిగిన ఫైళ్ల చోట కొత్తవి ఎక్కితే పాతవి దొరకవు. సాయంత్రం పూట నుండి చేతి రిజిష్టరు రాయాలి.

2. బ్యాకప్‌కు మరొక నకలు తీసి, అసలును బీరువాలో పెట్టాలి. పని అంతా నకలు మీదనే చేయాలి.

3. దానిని వేరొక కంప్యూటరులో ఎక్కించాలి. సభ్యుల సంఖ్యను, బాకీలను, క్రిందటి బిల్లు మొత్తాన్ని అచ్చుకాగితంతో సరిచూడాలి.

4. పోయిన ఏడు పూటలను చీటీలు, పాస్‌పుస్తకాల నుండి తేదీల వరుసలో ఎక్కించాలి. వరుస తప్పితే బాకీల కోతలు తారుమారవుతాయి.

5. ప్రతి పూటనూ ట్రక్ షీట్‌తో పోల్చాలి. ఒక పూట చీటీల మొత్తం 384 లీటర్లు, స్థానిక అమ్మకం 22 లీటర్లు అనుకుందాం. మిగిలినవి 362 లీటర్లు. లీటరు సుమారు 1.03 కిలోల చొప్పున ఇవి 373 కిలోలు. ట్రక్ షీట్‌లో 403 కిలోలు ఉంటే 30 కిలోలు, అంటే 29 లీటర్లకు చీటీలు ఇంకా రాలేదన్న మాట. చీటీ పారేసుకున్నవారు సాధారణంగా ఒక గేదె ఉన్న చిన్న సభ్యులే. వారి ఇళ్లకు వెళ్లి విచారించనిదే బిల్లు కట్టరాదు.

6. తిరిగి ఎక్కించిన పూటల పట్టికను మూడు రోజులు నోటీసు బోర్డు మీద ఉంచి అభ్యంతరాలు స్వీకరించాలి. చదువురాని వారికి చదివి వినిపించాలి. తరువాత పాలకవర్గ తీర్మానంతో ఖాయం చేయాలి.

ముందు జాగ్రత్తలు

లెక్కకు మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి. ఒకటి సంఘ భవనం బయట ఉండాలి. కంప్యూటరుకు ఎప్పుడూ తగిలించి ఉంచిన పెన్‌డ్రైవ్ బ్యాకప్ కిందకు రాదు. పిడుగు, వైరస్ రెంటినీ కలిపి తీసుకుపోతాయి. రోజూ సాయంత్రం పూట ముగియగానే ప్రతి తీసి తేదీ రాయాలి. నెలకొకసారి ఒక ప్రతిని వేరే కంప్యూటరులో తెరిచి, సరిగా ఉన్నట్లు మినిట్సు పుస్తకంలో నమోదు చేయాలి. తెరిచి చూడని బ్యాకప్, కొలిచి చూడని పాలక్యాను ఒకటే.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మీ సంఘంలో చివరి బ్యాకప్ ఏ తేదీది? అది ఎవరి వద్ద ఉన్నది?
2. నేడు కంప్యూటరు పోతే ఎన్ని పూటల లెక్క తిరిగి రాయవలసి వస్తుంది?
3. సభ్యులందరి పాస్‌పుస్తకాలలో నిన్నటి సాయంత్రం వరకు రాసి ఉన్నదా?