పని నేర్వబోవు బిడ్డకు

సోమేనహళ్ళి



నీ ఉత్తరము చేరినది. బెంగుళూరులోని పెద్ద ఆర్థిక సంస్థలు ఇంటర్న్‌షిప్ నిమిత్తము ఏటేటా అవే నాలుగైదు కళాశాలల గడప త్రొక్కుచున్నవనియు, చిక్కబళ్ళాపురమున నీవు చదువు ప్రభుత్వ కళాశాల పేరు వారి పట్టికలలో కానరాదనియు, ఆన్‌లైనులో పంపిన దరఖాస్తులకు ఔననిగాని కాదనిగాని సమాధానము రాలేదనియు వ్రాసితివి. నీ బాధ న్యాయమైనది. ప్రతిభ యున్నచో తలుపులు వాటంతట అవే తెరచుకొనునని నేను చెప్పజాలను. అది నిజము కాదు. బ్యాంకు ఉద్యోగములో నున్నన్నాళ్ళు అటువంటి దరఖాస్తుల కట్టలను నేను చూచితిని. కాగితములు వందలకొలది, చూచువారు ఒక్కరో యిద్దరో, చేతనున్న వ్యవధి ఒక పూట. అట్టి వేళ కళాశాల పేరే వారికి జల్లెడ యగును. కావున నీ కళాశాల పేరు చేయలేని పనిని నీవు వ్రాసిన కాగితమొకటి చేయవలెను. ఎవ్వరైనను పది నిమిషములలో చదివి, అందలి అంకెలను తామే సరిచూచుకొని, ఈ పిల్లకు లెక్క తెలియునని నిశ్చయించుకొనదగిన పని యొకటి నీ దరఖాస్తుకు జతపడవలెను.

మన సీమ పిల్లలకు దూరము క్రొత్త కాదు. గౌరీబిదనూరు ప్రాంతపు హోసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు 1935లో బస్సు ఖర్చులకు లేక రెండు దినములు నడచి బెంగుళూరు చేరి చదువుకొనిరి. పిదప అమెరికాలో భౌతికశాస్త్రమున డాక్టరేటు పొంది, 1972లో బెంగుళూరు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతియైరి. గౌరీబిదనూరులోను బాగేపల్లిలోను నేషనల్ కళాశాలలు వెలయుటకు ఆయనయే కారకులు. తరువాతి పిల్లలు అట్లు నడువనక్కర లేకుండ కళాశాల ఊరికి వచ్చినది. ఉద్యోగమిచ్చువారు మాత్రము దాని వెంట ఇంకను రాలేదు. మిగిలిన ఆ దూరమునే నీవిప్పుడు నడువవలసి యున్నది.

నేను చెప్పిన పనికి విషయమెక్కడ వెదకుదునని యడుగుదువేమో. మన ఊరి పాల డైరీ యున్నది గదా! ఉదయము సాయంత్రము మీ అమ్మ పోయు పాలలో కొవ్వెంతయో, ఎస్.ఎన్.ఎఫ్. (కొవ్వు కాక మిగిలిన ఘనపదార్థము) ఎంతయో యంత్రము చూపును; ఆ రెండింటిని బట్టి లీటరు ధర తేలును; చీటీ అప్పుడే చేతికి వచ్చును; డబ్బు కొన్నాళ్ళకు ఖాతాలో పడును. ఇంతవరకు నీవెరిగినదే. ఇక ఆ డైరీని నడపు పాల సంఘము పక్షమున నిలిచి చూడుము. పాలు కొను యూనియను నుండి సంఘమునకు సొమ్ము ఏనాడు చేరుచున్నది, సంఘము సభ్యులకు ఏనాడు చెల్లించుచున్నది, ఆ నడుమ దినములలో ఎవరి సొమ్ముతో వ్యవహారము నడచుచున్నది, అప్పుగా ఇచ్చిన దాణా బాకీలో వసూలైనదెంత, ఊరిలోనే అమ్మిన పాలపై మిగులెంత, బోనసు పంచగా నిధికి చేరినదెంత? వీనికి సమాధానములు సంఘపు ఆడిట్ నివేదికలో వెదకవలెను. సర్వసభ్య సమావేశములో దానిని చదువుదురు, చెవియొగ్గువారు కొద్దిమంది. మూడేండ్ల నివేదికలను ప్రక్కప్రక్కన పెట్టి, ఎక్సెల్‌లో వరుసలుగా నెక్కించి, ఏ పద్దు ఏల పెరిగినదో, ఏల తరిగినదో కార్యదర్శి నడిగి తెలిసికొని, రెండు పుటలలో వ్రాయుము. దొరకని అంకెను ఊహతో నింపక, అది దొరకలేదని అచ్చటనే వ్రాయుము. లెక్కలు చదువు అలవాటున్నవారు ఆ ఒక్క వాక్యమును చూచియే మిగిలిన అంకెలను నమ్ముదురు.

ఓపిక యున్నచో శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టుకును ఒక ఉదయము పొమ్ము, నీవున్నచోటికి దగ్గరయే. వేలములో గూళ్ళు పాడుకొన్న రీలరు, అనగా దారము తీయువాడు, రైతుకు సొమ్ము ముందే చెల్లింపవలెను. దారము తీసి, దానిని అమ్మి, డబ్బు రాబట్టుకొనువరకు ఆ పెట్టుబడి చిక్కుబడియే యుండును. పాఠ్యపుస్తకములో వర్కింగ్ క్యాపిటల్ అని నీవు వల్లించునది అదియే. ఇంటర్వ్యూలో దాని నిర్వచన మడిగినచో, నిర్వచనము ఒక్క మాటలో ముగించి రీలరు సంగతి చెప్పుము. పేరున్న కళాశాలల పిల్లలు చెప్పలేని సమాధానమది.

ఇట్లు కాగితము సిద్ధమగుచుండగనే, ఒక ఆడిటరుగారి ఆఫీసులో పనికి కుదురుము; చిక్కబళ్ళాపురములో గాని చింతామణిలో గాని, జీతము స్వల్పమైనను సరియే. అచ్చట నెల యంతయు తేదీల చుట్టు తిరుగును: సాధారణముగా 11వ తేదీకి అమ్మకముల రిటర్ను జీఎస్‌టీఆర్-1, 14న తయారగు కొనుగోళ్ళ పట్టిక 2బి, 20న పన్ను చెల్లింపు రిటర్ను 3బి. కిరాణా వర్తకుని కొనుగోళ్ళ పుస్తకమును ఒక ప్రక్కను, 2బిని మరియొక ప్రక్కను పెట్టుకొని బిల్లు బిల్లునకు టిక్కు పెట్టుచు పోవునపుడు, ఎక్కడో ఒక బిల్లు రెండవదానిలో కనబడదు. సాధారణముగా, సరుకు పంపినవాడు రిటర్ను వేయలేదన్నమాట. వానికి ఫోను చేసి, మర్యాద తప్పకుండ వేయించుకొనుట నేర్చితివా, మేడలలోని ఆఫీసులలో రీకన్సిలియేషన్ అని పిలుచు పని నీకు సగము వచ్చినట్లే. అచ్చటి పనిపై మనసు కుదిరినచో సి.ఎ. మాట ఆలోచింపుము, 2023 జూలైలో వచ్చిన క్రొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ అను శిక్షణ రెండేండ్లే, డిగ్రీలో 55 శాతము తెచ్చుకొన్న బి.కాం. పట్టభద్రులు నేరుగా సి.ఎ. ఇంటర్మీడియట్‌లో చేరవచ్చును. అంత దూరము పోవలదనుకొన్నచో, షేరు మార్కెట్ల నియంత్రణ సంస్థయైన సెబీ 2006లో నెలకొల్పిన ఎన్.ఐ.ఎస్.ఎమ్. అను విద్యాసంస్థ నిర్వహించు పరీక్షలలో ఒకటి వ్రాయుము. ఆ ధ్రువపత్రము నీ కళాశాల పేరు నడుగదు.

ఏ సంస్థలకు వ్రాయవలెనన్నచో, నా అభిప్రాయము నీ స్నేహితురాండ్రకు రుచింపకపోవచ్చును. అందరు పరుగెత్తు విదేశీ బ్యాంకులకు వ్రాయుము, వలదనను. కాని బెంగుళూరు ముఖ్యస్థానముగా నున్న ఉజ్జీవన్, క్రెడిట్‌యాక్సెస్ గ్రామీణ్ వంటి సంస్థలకు ముందు వ్రాయుము. స్త్రీల సంఘములకు అప్పులిచ్చియే అవి పెరిగినవి. వసూళ్ళలో వేధింపులను అరికట్టుటకు 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినదాదిగా, ఏ యింటిలో ఎన్ని సంఘముల అప్పున్నది, ఏ నెలలో చేతిలో డబ్బుండును, ఏ నెలలో ఉండదు అను సంగతి తెలిసినవారి విలువ ఇంకను పెరిగినది. ఇంట తెలుగు, బడిలో కన్నడము, పుస్తకములో ఇంగ్లీషు నేర్చిన నీవు ఆ సంగతిని మూడు భాషలలో విని వ్రాయగలవు. దీనిని దరఖాస్తు చివర నెక్కడనో దాచక మొదటి వాక్యమున పెట్టుము. ఇంగ్లీషు తడబడునని భయపడుచుంటివి. నెమ్మదిగా, చిన్న వాక్యములలో మాటాడుము, లెక్క సరియైనదైనచో వారు వేచి విందురు.

పోర్టలులో దరఖాస్తు పడవేసి ఊరకుండకుము. మన జిల్లానుండి పోయి అట్టి ఆఫీసులలో పనిచేయువారి నెవరినైన వెదకి, ఆరేడు పంక్తులకు మించని ఉత్తరము వ్రాసి, నీ రెండు పుటలు జతచేయుము. రెండు వారములు చూచి ఒక్కసారి జ్ఞాపకము చేయుము, అంతకు మించి వలదు. ఇంటర్న్‌షిప్ ఇప్పింతుము, ముందుగా రిజిస్ట్రేషను రుసుము కట్టుడనువారు ఎంత పెద్ద పేరు చెప్పినను ఒక్క రూపాయి ఇయ్యకుము. నిజమైన సంస్థ పని నేర్వవచ్చినవారి నుండి సొమ్ము పుచ్చుకొనదు.

ఇంటర్న్‌షిప్ రెండు నెలలు నీవు బెంగుళూరులో ఒంటరిగా నుండుటకు మీ నాన్న జంకుచున్నాడు. ఆ మాట నాకు విడువుము. యలహంకలో మనవారున్నారు, అది మన రహదారి మీదిదే, పేరేసంద్రలో బస్సెక్కిన నేరుగా దిగవచ్చును. డైరీ కార్యదర్శితో మాటాడితిని; మూడేండ్ల నివేదికలు చూపుటకు అంగీకరించినాడు, కాని పుస్తకములు ఆఫీసు దాటరాదన్నాడు. కావున వచ్చు ఆదివారము ఉదయపు పాలు పోయుట ముగియునప్పటికి నీవు ఊరిలో నుండునట్లు శనివారము సాయంత్రమే బయలుదేరుము. లాప్‌టాప్ లేదని ఆగకుము. రూళ్ళ పుస్తకములో వ్రాసికొన్నచో సోమవారము కళాశాల ల్యాబులో ఎక్కించుకొనవచ్చును.

ఇట్లు,
ఆశీర్వదించు
పెదనాన్న