పొగ కొట్టినా దోమలు తగ్గవేం?

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరులో అపార్ట్‌మెంట్. దగ్గర్లోనే కాలువ. కార్పొరేషన్ వాళ్లు పొగ కొట్టి వెళ్లినా దోమలు తగ్గడం లేదు. పిల్లలకు డెంగీ వస్తుందేమోనని భయం. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: కాలువ మురుగులో పెరిగేవి ఎక్కువగా క్యూలెక్స్ దోమలు, రాత్రిపూట కుడతాయి. డెంగీని తెచ్చే ఏడిస్ మాత్రం ఇంట్లోని, ఇంటి చుట్టూ ఉన్న నిల్వనీటిలో పుట్టి, పగలే కుడుతుంది. చెన్నైలో మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలస్ స్టీఫెన్సై మేడమీది ట్యాంకుల్లో, బావుల్లో గుడ్లు పెడుతుంది. పొగ ఎగిరే దోమలనే చంపుతుంది, నీటిలోని పిల్లపురుగులను కాదు. అందుకే మళ్లీ పుట్టుకొస్తాయి.

గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికో రోజు అపార్ట్‌మెంట్ అంతా కలిసి నీళ్లు పారబోయండి: ఫ్రిజ్ వెనుక ట్రే, పూలకుండీ పళ్లేలు, కొబ్బరి చిప్పలు, పాత టైర్లు. ఏడిస్ గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే డ్రమ్ములు, తొట్ల లోపలి గోడలను రుద్ది కడగాలి. సంపు, ట్యాంకు మూతలు బిగించి, ఓవర్‌ఫ్లో గొట్టానికి వల కట్టండి. కాలువ సంగతి కార్పొరేషన్ ఫోన్ 1913కు చెప్పండి.

జ్వరమొస్తే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ సొంతంగా వేయకండి. డాక్టరుకు చూపించండి. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అక్టోబరు వానలకు ముందే నిల్వనీళ్లు పారబోసే పని మొదలుపెట్టండి.