చెమటతో ఉప్పు కూడా పోతుంది

మన గుంటూరు వైపు సంక్రాంతి దాటితే మిరప కోతలు జోరందుకుంటాయి. ఎండలు ముదిరేదాకా సాగుతాయి. తర్వాత కల్లాల్లో తాలుకాయలు ఏరే పని. కోతకు వంగేది, కల్లంలో కూర్చునేది ఎక్కువగా మన ఆడవాళ్ళమే.

సాయంత్రం రవిక మీద తెల్లటి చారలు చూశారా అక్కా? అది ఉప్పు. చెమటతో మన ఒంట్లోంచి పోయిన ఉప్పు.

నీళ్ళు, ఉప్పు రెండూ తగ్గితే తల తిరుగుతుంది. పిక్కలు పట్టేస్తాయి. మూత్రం ముదురు పసుపు రంగులో, కొద్దిగా వస్తుంది. ఎండకాలం మామూలే అని ఊరుకోకూడదు.

చాలామంది పొలంలో నీళ్ళు తాగరు. ఎందుకు? మరుగుకు పోవడానికి చోటు లేదు. "తాగితే మళ్ళీ లేవాలి, మేస్త్రి ఏమంటాడో" అని దాహం ఆపుకుంటారు. దాహం ఆపుకుంటే వడదెబ్బ తగలొచ్చు. మూత్రంలో మంట, చీము కూడా రావచ్చు.

ఏం చేయాలి?

దాహం వేసేదాకా ఆగవద్దు. ఎండలో పని చేసేటప్పుడు 20 నిమిషాలకోసారి గ్లాసుడు మంచినీళ్ళు తాగండి. మధ్యలో ఉప్పు వేసిన మజ్జిగో, గంజో తాగండి. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా దాంట్లో నీళ్ళు తాగకండి. బి.పి., గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఉప్పు సంగతి డాక్టరును అడగాలి.

బాగా నీరసించినా, విరేచనాలైనా ఓ.ఆర్.ఎస్. తాగాలి. లీటరు నీళ్ళకు పట్టే ప్యాకెట్టయితే, మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. ప్యాకెట్టు లేదా? కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంచుకు సమంగా ఉండాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోయండి. కలిపినవి ఒక్కరోజే వాడాలి.

పంచదార ఎందుకు? ఉప్పూ పంచదారా కలిస్తేనే పేగులు నీళ్ళను బాగా పీల్చుకుంటాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో శరణార్థులకు కలరా సోకింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి నీళ్ళే కలిపించి తాగించారు. చావులు నూటికి నలుగురి లోపుకు తగ్గాయి.

మాట తడబడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు. అప్పుడు నోట్లో ఏమీ పోయకండి. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు చల్లి, విసరండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మాట్లాడుకుందాం

1. మీ చేలో తాగే నీళ్ళు ఎంత దూరం?
2. నాలుగు కర్రలు పాతి, పాత చీరలు కడితే మరుగు అవుతుంది. అందుకు ఖర్చెంత?
3. ఒక్కరే అడిగితే మేస్త్రి వినకపోవచ్చు. ముఠా అంతా కలిసి నీళ్ళు, నీడ, మరుగు అడిగితే?